కుక్క గోరు విరిగితే: అపోహలు – వాస్తవాలు

గేటు సందులోనో, దుప్పటి పోగులోనో, మెట్ల అంచుకో తగులుకుని కుక్క గోరు విరుగుతుంది. టైల్స్ మీద ఎర్రటి అడుగులు చూసి ఇంటిల్లిపాదీ కంగారుపడి, చేతికందింది పూసేస్తారు. విరిగిన గోటికి చికిత్స చేయడం కన్నా దాని మీద పూసినవి కడగడానికే క్లినిక్‌లో ఒక్కోసారి ఎక్కువ సమయం పడుతుంది.

అపోహ: గోరే కదా, మన గోరులా మళ్లీ వచ్చేస్తుంది

మన గోరు వేలి మీద పలకలా ఉంటుంది. కుక్క గోరు మాత్రం వేలి చివరి ఎముకకు తొడిగిన గట్టి తొడుగు. తొడుగుకీ ఎముకకీ మధ్య రక్తనాళాలు, నరాలు నిండిన మెత్తటి భాగం ఉంటుంది. దాన్ని క్విక్ అంటాం. తెల్ల గోళ్లలో గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది, నల్ల గోళ్లలో కనిపించదు.

అందుకే రక్తం ఎంత పోయిందో చూసేలోపు గోరు ఎక్కడ విరిగిందో చూడండి. కొన మాత్రమే చిట్లి, రక్తం రాకపోతే గరుకు అంచును ఫైల్‌తో అరగదీస్తే చాలు. క్విక్ తెగితే చూడటానికి భయంగా రక్తం కారుతుంది కానీ సాధారణంగా అదుపులోకి వస్తుంది. గోరు మొదలు దాకా నిలువునా చీలినా, ఊగుతున్నా, రెండు చుక్కల రక్తమే వచ్చినా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆ చీలిక గుండా సూక్ష్మక్రిములు ఎముక దాకా పోగలవు. ఎముకకు చీము పడితే వారాల తరబడి మందులు వాడాలి, ఒక్కోసారి వేలి చివరి కణుపే తీసేయాల్సి వస్తుంది.

అపోహ: మా కుక్క మమ్మల్ని కరవదు

నొప్పిలో ఎంత మంచి కుక్కయినా కరుస్తుంది. ముందు మూతి కట్టండి. మజిల్ లేకపోతే రెండంగుళాల వెడల్పున్న గాజ్ బ్యాండేజీ మీటరు పొడవు తీసుకుని, ముక్కు మీదుగా చుట్టి, గడ్డం కింద మెలివేసి, చెవుల వెనక జారుముడి వేయాలి. పగ్, షిట్జు లాంటి పొట్టి ముక్కు కుక్కలకు, వాంతులు చేసుకుంటున్నవాటికి, ఎగశ్వాసతో ఉన్నవాటికి ఇలా కట్టకూడదు. వాటి మెడ చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టి ఒకరు పట్టుకోవాలి. ఎవరినైనా కరిస్తే, అది టీకాలు వేయించిన ఇంటి కుక్కయినా, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. వీధి కుక్కలకు సాయపడేవారు ఇది అసలు మరవొద్దు.

అపోహ: పసుపో, కాఫీ పొడో, సున్నమో అద్దితే రక్తం కడుతుంది

రక్తాన్ని ఆపేది ఒత్తిడి. శుభ్రమైన గాజ్ గుడ్డో, ఉతికిన నూలు గుడ్డో నాలుగు మడతలు వేసి గోటి మీద గట్టిగా అదిమి, గడియారం చూసుకుంటూ 5 నిమిషాలు పట్టుకోండి. ఆగిందా అని మధ్యలో తీసి చూడటమే ఎక్కువ మంది చేసే పొరపాటు. అప్పుడే గడ్డకడుతున్న రక్తం గుడ్డతో పాటు ఊడివచ్చి మళ్లీ మొదటికొస్తుంది. ఆగకపోతే ఇంకో 10 నిమిషాలు. దూది నేరుగా పెట్టొద్దు, పోగులు అంటుకుపోతాయి.

గోళ్లు కత్తిరిస్తుండగా కొన తెగితే స్టిప్టిక్ పౌడర్ (రక్తం ఆపే పొడి) చిటికెడు అద్దవచ్చు, కాస్త మంటపెడుతుంది. అది లేకపోతే కార్న్‌ఫ్లోర్. ఇవి తెగిన కొనకు మాత్రమే. చీలిన గోటిలో ఏ పొడీ కూరకూడదు. పసుపు రక్తంతో కలిసి పెచ్చు కట్టి కింద చేరే చీమును దాచేస్తుంది. చీలిక ఎంత లోతుందో డాక్టరుకూ కనిపించదు. సున్నం కాలుస్తుంది. కాఫీ పొడిని కుక్క నాకేస్తే కెఫీన్ కడుపులోకి పోతుంది, అది కుక్కకు విషం.

సరిగ్గా ఒత్తిపట్టినా 15–20 నిమిషాలకు ఆగలేదంటే గోటిని దాటి ఆలోచించాలి. గోమార్ల ద్వారా సోకే టిక్ ఫీవర్, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. కొన్ని రకాల ఎలుకల మందు తిన్న కుక్కకూ రక్తం గడ్డకట్టదు. డాబర్‌మన్‌లలో పుట్టుకతో వచ్చే వాన్ విల్లెబ్రాండ్ అనే, రక్తం సరిగ్గా గడ్డకట్టని లోపం ఒక్కోసారి గోరు తెగినప్పుడే మొదటిసారి బయటపడుతుంది. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రక్త పరీక్ష చేయాల్సిందే.

అపోహ: స్పిరిట్, డెటాల్, పెరాక్సైడ్ పోస్తే క్రిములు చస్తాయి

క్రిములతో పాటు మానాల్సిన కణాలూ చస్తాయి. పైగా ఆ మంట చూసిన కుక్క మళ్లీ కాలు ముట్టుకోనివ్వదు. మందుల షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్‌తో కడగండి. లేకపోతే మరిగించి చల్లార్చిన అర లీటరు నీటిలో ముప్పావు టీస్పూను ఉప్పు కలపండి. తర్వాత 10 శాతం పోవిడోన్ అయోడిన్‌ను 100 మిల్లీలీటర్ల నీటికి 2 నుంచి 5 మిల్లీలీటర్లు కలిపి వాడొచ్చు. రంగు పలుచటి డికాషన్‌లా ఉండాలి, సీసాలోంచి నేరుగా పోయకూడదు.

అపోహ: ఊగే గోటికి దారం కట్టి లాగేయొచ్చు, లేదా అదే రాలిపోతుంది

రెండూ తప్పే. ఊగే ముక్క అడుగు వేసినప్పుడల్లా నరాన్ని లాగుతుంది. లాగేస్తే సగం ఊడి సగం మిగులుతుంది. డాక్టరు మత్తిచ్చి వదులైన తొడుగును పూర్తిగా తీసేస్తారు. తీసేసిన తర్వాతే కుక్కకు హాయి. బయటపడ్డ క్విక్ వారం పది రోజుల్లో గట్టిపడుతుంది. కొత్త గోరు పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది, కాస్త వంకరగానూ రావచ్చు.

అపోహ: కట్టు ఎంత బిగిస్తే అంత మంచిది

రబ్బరు బ్యాండు పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. జుట్టులో కనిపించకుండా పోయి, రక్తం ఆడక వేలు కుళ్లిపోతుంది. వేళ్ల మధ్య పలుచగా దూది పెట్టి, గాజ్ చుట్టి, మడమ కీలు దాటేదాకా కట్టండి. నడిమి రెండు వేళ్ల కొనలు బయటికి కనిపించాలి. అవి ఉబ్బినా, చల్లబడినా వెంటనే విప్పేయాలి. కట్టు రోజూ మార్చాలి, తడిస్తే అప్పుడే. బయటికి తీసుకెళ్లేటప్పుడు పాలిథిన్ కవర్ తొడిగినా, ఇంటికి రాగానే తీసేయండి. లోపలి చెమ్మకు చర్మం నానిపోతుంది. వానాకాలంలో తెరిచి ఉన్న గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది. పురుగు పడితే ఫినాయిల్ పోయొద్దు, అది కుక్కకే విషం.

అపోహ: నాకితే మానుతుంది

నాకితే గాయం ఆరదు, నోటిలోని క్రిములు చేరతాయి, కుట్లూ కట్లూ ఊడతాయి. బయటపడ్డ క్విక్ గట్టిపడేదాకా మెడకు కోన్ (నాకకుండా అడ్డుపడే గరాటు లాంటి తొడుగు) ఉండాలి.

అపోహ: నొప్పికి మన మాత్రే సగం వేస్తే సరి

ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం పాడవుతుంది. ఆస్పిరిన్ రక్తాన్ని ఇంకా కారనిస్తుంది. సగం, పావు అని మనం వేసే లెక్కలు కుక్క బరువుకు సరిపోవు.

టీటీ ఇంజెక్షన్ గురించీ చాలామంది అడుగుతారు. తుప్పు గేటుకు తగిలినా సరే, కుక్కలకు ధనుర్వాతం చాలా అరుదు. మనకు వేసినట్టు మామూలుగా టీటీ వేయరు.

అపోహ: నడిస్తే గోళ్లు వాటంతటవే అరుగుతాయి

నున్నటి టైల్స్ మీద అరగవు. ముంజేతి లోపలి వైపున్న బొటనగోరు నేలకే తగలదు కాబట్టి ఎప్పటికీ అరగదు. గుండ్రంగా తిరిగి ఆ వేలి మెత్తలోకే దిగుతుంది. గేట్లలో, నెట్లలో ఇరుక్కునేది ఎక్కువగా అదే. నడుస్తుంటే టక్ టక్ మని చప్పుడొస్తే గోళ్లు పెరిగినట్టు. మూడు నాలుగు వారాలకోసారి కత్తిరించండి. మొద్దుబారిన బ్లేడు గోటిని నలిపి చీలుస్తుంది. నల్ల గోరైతే ఒక్కో మిల్లీమీటరు చొప్పున తీస్తూ కోసిన ముఖం చూడండి. మధ్యలో తడిగా ముదురు చుక్క కనిపించగానే ఆపేయాలి.

అపోహ: మాటిమాటికీ విరుగుతున్నాయంటే కాల్షియం తక్కువ

గోరు కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. కాల్షియం సిరప్ తాగించినంత మాత్రాన గట్టిపడదు. కొద్ది వారాల్లోనే రెండు మూడు పాదాల్లో గోళ్లు వరసగా ఊడుతుంటే, గోటి మొదళ్ల మీద శరీరమే దాడి చేసే జబ్బును అనుమానించాలి. దానికి మందులు వేరు. ఒక్క వేలే ఉబ్బి, గోరు ఊడి, యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోతే, ముఖ్యంగా వయసు మళ్లిన నల్ల లాబ్రడార్, రాట్‌వైలర్ లాంటి పెద్ద కుక్కల్లో, అది గోటి కింది క్యాన్సర్ కావచ్చు. ఇంకో కోర్సు మందు మొదలుపెట్టే ముందు ఆ వేలికి ఎక్స్‌రే తీయించండి.