గోళాలు వాటంతటవే వరస కడతాయా?

ఓపల్ ఉంగరం శుక్రుడికి మంచిదట, తిప్పితే రంగులు మారేది కూడా ఆ మహిమ వల్లేనా అని ఒక పాఠకురాలు అడిగారు. శుక్రుడి సంగతి జ్యోతిష్కులకే వదిలేద్దాం, రంగుల గుట్టు మాత్రం 1964లోనే బయటపడింది. రాయి లోపల 150 నుంచి 300 నానోమీటర్ల సిలికా గోళాలు వరసలుగా పేర్చినట్టుంటాయి, వాటి మీద కాంతి వివర్తనం చెందుతుంది, అంటే ఆ వరసలకు తగిలి ఒక్కో రంగు ఒక్కో దిక్కుకి చెదురుతుంది. అంతే. నన్ను పట్టేసే ప్రశ్న వేరే: వాటిని పేర్చిందెవరు?

ఎవరూ కాదు. ఓపల్‌లో గురుత్వం, విద్యుదావేశం కూడా చెయ్యి వేస్తాయి కానీ అవి లేకపోయినా, ఢీకొనడం తప్ప ఇంకేమీ తెలియని గోళాలు కూడా తగినంత ఇరుకైతే వరసలు కట్టి స్ఫటికమైపోతాయి. 1957లో ఒక సమావేశంలో భౌతిక శాస్త్రవేత్త ఉలెన్‌బెక్ దీని మీద చేతులెత్తిస్తే శాస్త్రవేత్తలు సగం సగం చీలిపోయారు. అదే ఏడాది ఆల్డర్, వెయిన్‌రైట్ కంప్యూటర్‌లో ఒక్కో ఢీ లెక్కకట్టి, అవునని చూపించారు.

నమ్మబుద్ధి కాకపోవడానికి మనం చెప్పే పాఠాలే కారణం. ఎంట్రోపీ అంటే గజిబిజి అని ఇంటర్‌లో బట్టీ పట్టిస్తాం. ఇక్కడ ఆకర్షణ లేదు కాబట్టి గజిబిజిగా ఉన్నా వరసలో ఉన్నా శక్తి ఒకటే, గెలుపు తేల్చేది ఎంట్రోపీ ఒక్కటే, అంటే స్ఫటికానికే ఎంట్రోపీ ఎక్కువన్నమాట!

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఎక్కండి. అడ్డదిడ్డంగా నిలబడితే ఎవరికీ మోచెయ్యి కదలదు. కండక్టర్ అరిచి వరసల్లో సర్దితే, అదే బస్సు, అంతే జనం, కానీ ప్రతివాళ్లకీ కాస్త మెసిలే చోటు. గోళాలూ అంతే: ఎలాపడితే అలా కుక్కితే, ఉన్న చోటులో 64 శాతం నిండేసరికి బిగుసుకుపోతాయి, పేరిస్తే 74 శాతం దాకా పడతాయి. కాబట్టి 55 శాతం దగ్గర వరసలో ఉన్నదానికే మెసిలే చోటు ఎక్కువ, ఎంట్రోపీ కొలిచేది దాన్నే. లెక్క ప్రకారం 49.4 శాతం దగ్గర గడ్డకట్టడం మొదలై 54.5కి పూర్తవుతుంది. 1986లో ప్యూసీ, వాన్ మెగెన్ ద్రవంలో తేలే ప్లాస్టిక్ గోళాలతో దీన్ని కళ్లకు కట్టించారు.

కానీ ఈ బస్సులో కండక్టర్ లేడు. ముగ్గురు వరస కడితే లాభం లేదు, వాళ్ల అంచున ఉన్నవాళ్లు ఇటూ అటూ కాక ఇంకా ఇరుకున పడతారు. ఆ నష్టం గుంపు వ్యాసార్థపు వర్గంతో పెరుగుతుంది, లాభమేమో ఘనంతో. అందుకే చిన్న గుంపులు పుడుతూ చెదిరిపోతూ ఉంటాయి, అదృష్టం కొద్దీ ఒకటి హద్దు దాటిందంటే ఇక ఆగదు.

మరీ కుక్కితే? 58 శాతం దాటాక వరస కట్టడం లాభమే అయినా కదిలే వీల్లేక, గాజులా వరస లేకుండానే బిగుసుకుని ఉండిపోతాయి. తీరా 1995లో కొలంబియా షటిల్‌లో, గురుత్వం దాదాపు తెలియని అంతరిక్షంలోకి పంపిస్తే, భూమి మీద ఏడాదికి పైగా మొండికేసిన నమూనాలు రెండు వారాల్లోపే స్ఫటికమయ్యాయి. గురుత్వాన్ని పక్కన పెట్టి 58 దగ్గర గీత గీసెయ్యడం తొందరపాటేనని నా ఉద్దేశం.