తుంటికి పాకిన క్యాన్సర్ నొప్పి: అపోహలు - వాస్తవాలు

రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్. ఈ క్యాన్సర్లు ఎముకలకు పాకితే తుంటి చుట్టూ ఉన్న కటి ఎముకలను తరచుగా పట్టుకుంటాయి. సూదులతో చేసే చికిత్సల కోసం మా దగ్గరికి వచ్చేవాళ్లు వీల్‌ఛైర్‌లో ఒక పక్కకు ఒరిగి, నొప్పి ఉన్న వైపు బరువు పడకుండా చేయి ఆనించుకుని కూర్చుంటారు. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే చాలామంది నెలల లెక్క చెబుతారు. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: క్యాన్సర్ అన్నాక నొప్పి ఓర్చుకోవాల్సిందే.
అక్కర్లేదు. ఒకే సిట్టింగ్‌లో ఇచ్చే 8 గ్రే (మోతాదును కొలిచే యూనిట్) రేడియేషన్, ఎక్కువ సిట్టింగులతో సమానంగా నొప్పి తగ్గిస్తుంది. కాకపోతే గుణం కనబడడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అప్పటికీ తగ్గకపోయినా, ఎముక విరిగేలా ఉన్నా సూది చికిత్సల గురించి, అంటే సూదితో గడ్డను గడ్డకట్టించడం, ఎముకలోకి సిమెంట్ ఎక్కించడం గురించి అడగండి.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ ఇంకా పాకుతుంది.
ఈ భయంతోనే ఎందరో ఆలస్యం చేస్తారు. సూది దారిలో కణాలు పాకడం చాలా అరుదు. క్రయోఅబ్లేషన్‌లో సూది మొనను ఆర్గాన్ గ్యాస్‌తో చల్లబరిచి గడ్డను గడ్డకట్టిస్తాం. ఆ మంచు ముద్ద ఎంతవరకు పెరిగిందో సీటీ స్కాన్‌లో కనిపిస్తుంది. కాలికి వెళ్లే పెద్ద నరం దగ్గరగా ఉంటే మధ్యలో గ్యాస్ గానీ ద్రవం గానీ ఎక్కించి దాన్ని పక్కకు జరుపుతాం.

అపోహ: సిమెంట్ పెడితే ఇక ఎముక విరగదు.
సిమెంట్ అంటే ఇంటికి వాడేది కాదు, ఒక రకం యాక్రిలిక్. కలిపాక టూత్‌పేస్ట్‌లా చిక్కబడుతుంది, ఆ కాసేపట్లోనే ఎముకలోకి ఎక్కించాలి. కీలులోకి కారకుండా స్కాన్‌లో చూస్తూనే ఉంటాం. పైనుంచి అదిమే బరువును ఇది బాగా మోస్తుంది. అందుకే తొడ ఎముక తల కూర్చునే గిన్నె దగ్గర అంత పనికొస్తుంది. మెలిపడే, లాగే ఒత్తిడికి మాత్రం ఆగదు. అలాంటి చోట చిన్న గాటుతో స్క్రూలు కూడా వేస్తాం.

అపోహ: ఈ సూది చికిత్సలతో క్యాన్సర్ పోతుంది.
సాధారణంగా పోదు. ఇది నొప్పి తగ్గడానికి, కాలు మోపడానికి. కీమో, హార్మోన్ మందులు ఆపొద్దు.

అపోహ: మార్ఫిన్ ఇచ్చారంటే ఆఖరి రోజులే.
కాదు. నొప్పి తగ్గితే డోసు తగ్గిస్తాం, కొందరికి మానేయిస్తాం కూడా. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపకండి.

నిన్నటిదాకా వేసిన అడుగు హఠాత్తుగా వేయలేకపోయినా, కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, రాత్రయినా సరే.