ఉంగరాల జుట్టుకు ఇంట్లో గోరింటాకు: అపోహలు – వాస్తవాలు

జుట్టు సంరక్షణ కోసం నా దగ్గరకు వచ్చేవారిలో, రసాయనాల రంగులంటే భయపడి ఇంట్లోనే హెన్నా పెట్టుకుందామని నిశ్చయించుకున్న ఉంగరాల జుట్టువారు చాలామంది ఉంటారు. ఆ భయంలో న్యాయం ఉంది. ఉంగరాల జుట్టు సహజంగానే పొడిబారుతుంది, ఒకసారి పాడైతే చిక్కు పడి తెగిపోతుంది. అయితే దేని నుంచి తప్పించుకోవాలనుకున్నారో సరిగ్గా దానినే, పెట్టె మీద ఆకు బొమ్మ చూసి నమ్మి, కొని తెచ్చుకుంటున్నవారిని పదే పదే చూస్తున్నాను. అందుకే ఆ ఒక్క విషయం గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: “నల్ల హెన్నా కూడా గోరింటాకే. ఆకుతో ఏ హానీ ఉండదు.”

వాస్తవం: గోరింటాకు జుట్టును నల్లగా మార్చలేదు. ఆకులో ఉండే లాసోన్ అనే వర్ణద్రవ్యం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఎర్రటి నారింజ రంగును మాత్రమే ఇస్తుంది. నెరిసిన వెంట్రుక మీద అది స్పష్టంగా కనిపిస్తుంది, నల్ల వెంట్రుక మీద ఎండలో మెరిసే ఎర్రఛాయగా మిగులుతుంది. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి మేలురకం పొడి తెప్పించుకున్నా వచ్చేది ఆ ఎరుపే. పెట్టిన అరగంటకే జుట్టు నల్లబడిందంటే ఆ పని చేసింది ఆకు కాదు, అందులో కలిపిన రసాయన రంగు. సాధారణంగా అది పారా-ఫినైలిన్‌డయామైన్, అంటే పీపీడీ, మామూలు హెయిర్ డైలలో ఉండేదే. బర్గండీ, బ్రౌన్ అని అమ్మే పొడులలో సోడియం పిక్రమేట్ వంటివి కూడా కలుపుతారు.

ఇందులో రహస్యమేమీ లేదు. ఇలాంటి రంగుల పెట్టెల మీద, ముందుగా చర్మంపై పరీక్షించుకోవాలనీ, కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు వాడితే చూపు పోవచ్చనీ హెచ్చరిక ముద్రించాలని మన దేశంలో నిబంధనే ఉంది. ‘హెర్బల్’ అన్న మాట పెద్ద అక్షరాలలోనూ ఈ హెచ్చరిక చీమతలకాయంత అక్షరాలలోనూ ఉంటే, చదవవలసింది రెండవదానినే.

ఒక పెళ్లికి ముందు ఇంట్లో నల్ల హెన్నా పెట్టుకున్న ఒక ఉపాధ్యాయురాలు మర్నాడు నా దగ్గరకు వచ్చారు. రెప్పలు వాచి కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి, నుదుటి అంచు వెంబడి, చెవుల వెనుక చర్మం చిట్లి రసి కారుతోంది. ఇంట్లో పెద్దవాళ్లు వేడి చేసిందని చెప్పి మజ్జిగ తాగించారట. “ఆకే కదండీ పెట్టుకున్నాను, ఇన్నేళ్లుగా ఏమీ కాలేదే” అని ఆమె ఏడుస్తుంటే, వెంటనే చర్మవైద్యుల దగ్గరకు పంపి, ఆ పెట్టెను కూడా తీసుకెళ్లి చూపించమని చెప్పాను. “ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు” అన్నదే అసలైన ఉచ్చు. పీపీడీ ఎలర్జీ మొదటిసారే రావాలని లేదు, ఏళ్ల తరబడి వాడిన తరువాత కూడా రావచ్చు. ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆ తరువాత ఎక్కువ హెయిర్ డైలు వారికి పనికిరావు. ఉంగరాల జుట్టువారికి ఇంకొక ఇబ్బంది ఉంది: ముద్ద కుదుళ్లలో చిక్కుకుని త్వరగా వదలదు, రసాయనం చర్మం మీద మరింతసేపు నిలుస్తుంది.

కాబట్టి కొనేముందు పదార్థాల జాబితా పూర్తిగా చదవండి, జాబితానే లేకపోతే కొనకండి. ఇంటికి తెచ్చాక తెల్లటి తడి కాగితం మీద చిటికెడు పొడి వేయండి. చిక్కటి పచ్చరంగు చుట్టూ పాకితే అందులో రంగు కలిపారన్నమాట. చెంచాడు పొడిని గ్లాసు నీళ్లలో కలిపితే ఇసుక ఉన్నదీ లేనిదీ అడుగున తెలిసిపోతుంది. ఆ తరువాత కలిపిన ముద్దను మోచేతి మడతలో కొద్దిగా పెట్టి 48 గంటలు ఆగండి. పసిపిల్లలకు మాత్రం స్వచ్ఛమైన గోరింటాకు కూడా వద్దు, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డలలో అది ఆ కణాలను దెబ్బతీస్తుంది.

నలుపే కావాలనుకుంటే దారి ఉంది. మొదట గోరింటాకు పెట్టి కడిగి, ఆ తరువాత నీలి (ఇండిగో) ఆకు పొడి పెట్టాలి. ఒకప్పుడు మన కడప ప్రాంతం పేరుపొందిన నీలిమందు ఈ మొక్కదే. గోరింటాకు పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి కొన్ని గంటలు నాననివ్వాలి, అరచేతిలో అయిదు నిమిషాలు ఉంచితే నారింజ మరక పడాలి. నీలి పొడిని అలా నానబెడితే పాడవుతుంది. ఉత్త గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పుతో కలిపి పది పదిహేను నిమిషాలలో తలకు పెట్టేయాలి, నిమ్మరసం కలపకూడదు. మొదటిరోజు రంగు చూసి కంగారుపడి మళ్లీ పెట్టుకోకండి, రెండు రోజులలో అదే ముదురుతుంది.

అపోహ: “గోరింటాకు పెడితే ఉంగరాలు మాయమైపోతాయి.”

ఇందులో కొంత నిజం ఉంది. లాసోన్ వెంట్రుకను పట్టుకుని ఉండిపోతుంది కనుక, ప్రతి నెలా తల మొత్తానికి పెడుతూ పోతే వెంట్రుక బరువెక్కి ఉంగరం వదులవుతుంది. అందరికీ ఇలా జరగదు. మొదటిసారి మొత్తానికి పెట్టినా, తరువాత కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగినంత మేరకే పెట్టడం మంచిది. పొడిని వస్త్రగాళితం పట్టండి, లేకపోతే ఈనెలు, నలుసులు ఉంగరాలలో ఇరుక్కుపోతాయి. ఎండిన ముద్దను దువ్వెనతో లాగితే జుట్టు తెగుతుంది. ఆరకుండా కవరు కట్టుకుని, కడిగేటప్పుడు బకెట్ నీళ్లలో తల ముంచి, కండిషనర్ పట్టించి వేళ్లతో పాయలు విడదీయండి.

అపోహ: “పెరుగు, గుడ్డు, నూనె కలిపితేనే పొడిబారదు.”

నూనె కలిపితే రంగు సరిగా పట్టదు. పెరుగు, గుడ్డు రంగును పలచబరుస్తాయి. పొడిబారడానికి ఎక్కువసార్లు కారణం విపరీతంగా పిండే నిమ్మరసం. ఉంగరాల జుట్టుకు పలచని టీ డికాషన్ చాలు. నూనె రెండు రోజుల తరువాత పెట్టుకోవచ్చు.

ఇనుప మూకుడులో నానబెడితే రంగు కాస్త ముదురుగా వస్తుంది, కానీ అది తప్పనిసరి కాదు. గోరింటాకు వల్ల తెల్లజుట్టు పెరుగుతుందన్నది వట్టి పుకారు. ఉన్న తెల్లవెంట్రుకలే నారింజ రంగులోకి మారి ఎక్కువగా కనిపిస్తాయి, అంతే. గోరింటాకు రంగు కొన్ని వారాలలో పోతుందని మాత్రం అనుకోకండి. అది జుట్టు పెరిగి కత్తిరించుకున్నప్పుడే పోతుంది, కాబట్టి ముందుగా రాలిన వెంట్రుకలు కొన్ని పోగుచేసి వాటి మీద పెట్టి చూసుకుని, ఆ రంగు నచ్చితేనే తల మొత్తానికి కలపండి.