టీకా రోజున ఒక పెన్సిల్ గీత

తొమ్మిది నెలలు నిండిన బిడ్డను ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి తీసుకెళ్తాం. బరువు చూస్తారు, సూది వేస్తారు, జ్వరమొస్తే ఏం చేయాలో చెబుతారు. బిడ్డ ఏడుస్తుండగానే బయటికొచ్చేస్తాం. బరువు మాత్రం గ్రాములతో సహా కార్డుకెక్కుతుంది. పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, గిలక్కాయను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడా అని చాలాచోట్ల ఎవరూ అడగరు.

అడగడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్‌లో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం తయారుచేసిన చార్టు ఒకటుంది, ఏ వయసుకి బిడ్డకి ఏ పనులు రావాలో చూపేది. రెండేళ్ళలోపు పిల్లల కోసం అందులో 17 అంశాలున్నాయి. పలకరిస్తే నవ్వడం, మెడ నిలపడం, తనంతట తాను నడవడం, రెండు మాటలు పలకడం లాంటివి. ఒక్కోదానికి ఒక అడ్డగీత. గీత ముగిసే వయసుకి నూటికి 97 మంది పిల్లలకి ఆ పని వచ్చేస్తుంది. మన బిడ్డ వయసు దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టాలి. పెన్సిల్‌కి ఎడమవైపు ముగిసిపోయిన గీతల్లో ఏ ఒక్క పని రాకపోయినా బిడ్డను వివరంగా పరీక్షించాలి. కొద్ది నిమిషాల పని. నేర్పిస్తే అంగన్‌వాడీ టీచర్ కూడా చేస్తుంది.

చూస్తేనే తెలిసిపోదా అంటారు. తెలియదు. డాక్టర్ గదిలో బిడ్డ ఉండేది కాసేపు, అదీ బెదిరిపోయి. ఇంట్లోనేమో "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే మాటలొచ్చాయి", "మగపిల్లాడు కదా, ఆలస్యమవుతుందిలే" అంటారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. చాలా ఇళ్ళలో తేడా ముందు కనిపెట్టేది అమ్మే, కానీ ఆ మాటలకి టెన్షన్ లోపలే దాచుకుంటుంది. అనుమానం వచ్చినవాళ్ళకే కాకుండా వచ్చిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేస్తే, ఆమె నోరు తెరిచి అడగాల్సిన అవసరమే ఉండదు.

9–12 నెలల మధ్య, 18–24 నెలల మధ్య, మళ్ళీ బడిలో చేరేటప్పుడు ఇలా చూడాలని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఆటిజం కోసం కూడా 18–24 నెలలకే చూడాలి. మొదటి ఎంఆర్ డోసు, 16–24 నెలల డీపీటీ బూస్టర్ దాదాపు ఆ వయసుల్లోనే పడతాయి. విడిగా ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రానక్కర్లేదు.

చార్టులో వెనకబడితే జబ్బు ఉన్నట్టు కాదు. మాటలు రాని బిడ్డకి అసలు వినికిడే సరిగా లేకపోవచ్చు, అందుకే ముందు చెవి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల కోసమే జిల్లాల్లో డీఈఐసీలు, అంటే ఎదుగుదలలో తేడాలకి తొలిదశలోనే సాయం చేసే కేంద్రాలు, పెట్టారు.

ఒక్క జాగ్రత్త. పెన్సిల్, గిలక్కాయ సూదికి ముందే బయటికి తీయాలి. సూది పడ్డాక ఏ బిడ్డా నవ్వి చూపించడు.