కారు అలారం: ఊరికే మోగకుండా, అవసరానికి మోగేలా

చిరంజీవులకు ఆశీస్సులు.

కారుకి ఏ అలారం మంచిదని అడిగారు. కంపెనీ పేరు సంగతి తర్వాత. అర్ధరాత్రి ఊరికే కూసే అలారాన్ని నాలుగు రోజుల్లో ఇంట్లోవాళ్ళే ఆపేస్తారు. అలా కూయడానికి చాలావరకు కారణం బిగించిన తీరే.

ముందు మీ తాళంచెవిలో ఇమ్మొబిలైజర్ చిప్ (అసలు తాళంచెవి కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వనిది) ఉందో లేదో మాన్యువల్‌లో చూడండి. ఉంటే ఇంజిన్ వైర్ల జోలికి పోనక్కర్లేదు. తలుపుల స్విచ్‌లు, బానెట్ స్విచ్, అదురుని పసిగట్టే షాక్ సెన్సర్, సైరన్ చాలు. వారంటీ నడుస్తున్న కారుకి వైర్లు తెంచకుండా కప్లర్‌తో (ప్లగ్గులా గుచ్చే జోడింపుతో) కలిసే కిట్టే తీసుకోండి. రిమోట్‌కి రోలింగ్ కోడ్ తప్పనిసరి. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది కాబట్టి ఒకసారి పట్టుకున్న సిగ్నల్ మళ్ళీ పనికిరాదు. సైరన్‌లో సొంత బ్యాటరీ ఉంటే వైరు కోసినా మోగుతుంది.

చిప్ లేని పాత కారుకి రిలే (అలారం నడిపే చిన్న కరెంటు స్విచ్) పెట్టించండి. ఇంజిన్‌ని తిప్పి మొదలుపెట్టే స్టార్టర్ మోటారు మీది స్విచ్, అంటే సొలినాయిడ్‌కి వెళ్ళే సన్న వైరు మీదే పెట్టాలి. రిలే మీద అంకెలుంటాయి: 30, 87ఏ కాళ్ళ మధ్య ఆ వైరు, రిలేని కదిలించే కాయిల్ 85, 86 కాళ్ళకి. కొందరు మెకానిక్‌లు ఇగ్నిషన్ వైరో పెట్రోలు పంపు వైరో తెంచుతారు. వద్దనండి. రిలే చెడితే నడుస్తున్న బండి హైవే మీద ఆగిపోతుంది, స్టీరింగ్ తిప్పడం బరువవుతుంది. స్టార్టర్ వైరైతే మహా అయితే బండి స్టార్ట్ కాదు, అంతే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని ముట్టనివ్వకండి. వైర్లు వెతకడానికి బల్బు టెస్టర్ కాదు, మల్టీమీటర్ వాడాలి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఎండకి జిగురు కరిగి ఊడుతుంది. టంకం వేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగిసే గొట్టం) తొడగమనండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకాలి. సైరన్ మూతి కిందికి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, బండి కింద నుంచి చెయ్యి అందని చోట ఉండాలి. మూతి పైకుంటే మొదటి వానకే నీళ్ళు నిలిచి గొంతు పోతుంది. బానెట్ స్విచ్ నీరు పారే గాడిలో ఉంటే తుప్పుపట్టి అదే దొంగకూతలకి మూలమవుతుంది.

షాక్ సెన్సర్‌ని డాష్‌బోర్డు కింద లోహానికి స్క్రూతో బిగించాలి. స్పాంజి టేపు మీద వేలాడితే అదురు సరిగా అందదు. దాని సున్నితత్వాన్ని అతి తక్కువలో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి. తలుపు పక్క స్తంభం మీద అరచేత్తో గట్టిగా చరిస్తే మోగాలి, టైరుని కాలితో తన్నితే మోగకూడదు. లారీలు తిరిగే రోడ్డైతే ఇంకాస్త తగ్గించండి. కారు లోపలి కదలికని పసిగట్టే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంటే, ఎండాకాలం అద్దం కొంచెం దించి వదలకండి, గాలికే మోగుతుంది.

అలారం నిద్రలో 20 మిల్లీయాంపులు తాగితే రోజుకి అర యాంపియర్-అవర్. 35 యాంపియర్-అవర్ బ్యాటరీలో నెలకి 14 దాకా పోతుంది. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఏఆర్ఏఐ (వాహనాలని పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న పరికరమైతే ఇన్సూరెన్స్‌లో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి కట్టే) ప్రీమియం మీద 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయల తగ్గింపు అడగవచ్చు. బిల్లు దాచండి. రిమోట్ పోయినప్పుడు అలారం ఆపే వ్యాలే స్విచ్‌ని చాలామంది స్టీరింగ్ కిందే బిగిస్తారు, దొంగలూ అక్కడే వెతుకుతారు. వేరే చోట పెట్టించి, ఆ చోటు ఇంట్లోవాళ్ళకి మాత్రమే చెప్పండి.

మీ పెదనాన్న