"ఆ వాడ ఓట్లన్నీ వాళ్లకే" అనేవాళ్ల కోసం

పోలింగ్ అయ్యాక నల్గొండ, పాలమూరు ఊళ్లల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసే పని నాది. ఎన్నికలొస్తే చాయ్ హోటల్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కులం లెక్క ఉంటుంది. వాటిలో నాకు రోజూ తగిలేవి ఇవి.

అపోహ: మతం తెలిస్తే ఓటు తెలిసినట్టే.

వాస్తవం: మొగ్గు తెలుస్తుంది, ఓటు తెలియదు. 2012 మహబూబ్‌నగర్ ఉప ఎన్నికలో, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లోనే, టీఆర్ఎస్ అభ్యర్థి సయ్యద్ ఇబ్రహీం మీద బీజేపీ నుంచి యెన్నం శ్రీనివాస్ రెడ్డి గెలిచారు. మతం మీద ఓటు పడిందన్నారు అందరూ. కొంత పడే ఉంటుంది, కాదనను. కానీ రెండేళ్లకు అదే పార్టీ నుంచి నిలబడి ఆయనే ఓడిపోయారు, 2023లో కాంగ్రెస్ టికెట్ మీద మళ్లీ గెలిచారు. ఈ పదకొండేళ్లలో ఆ పట్నంలో ఏ మతం వాళ్లు ఎందరన్నది తలకిందులు కాలేదు కదా!

అపోహ: బూత్ లెక్క చూస్తే ఎవరెటు వేశారో దొరుకుతుంది.

వాస్తవం: దీని మీదే నాకు ఎక్కువ కోపం. ముస్లింలు ఎక్కువున్న బూత్‌లో ఒక పార్టీకి ఎక్కువ ఓట్లొస్తే అవి ముస్లింలవే అని రాసేస్తారు, అదే బూత్‌లో ఉన్న మిగతావాళ్లు ఎటు వేశారో చూసినవాళ్లెవరు? 1950లో రాబిన్సన్ అనే పరిశోధకుడు అమెరికా జనాభా లెక్కలతో ఈ తప్పును చూపించాడు: వలస వచ్చినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువ, కానీ మనిషి మనిషిని లెక్కగడితే వలస వచ్చినవాళ్లలోనే చదువు తక్కువ. చదువుకున్న రాష్ట్రాలకు పోయి స్థిరపడ్డారు, అంతే.

అపోహ: పేదోళ్లు పైసలకు వేస్తారు, చదువుకున్నోళ్లు ఆలోచించి వేస్తారు.

వాస్తవం: పైసలు తీసుకుంటారు, దాచేదేముంది. ఇద్దరి దగ్గరా తీసుకుంటారు, వేసేది ఒకరికే. ఆలోచించేవాళ్ల సంగతంటారా, 2022లో పల్లెలు ఎక్కువున్న మునుగోడు ఉప ఎన్నికలో దాదాపు 93 శాతం పోలింగ్, 2023 అసెంబ్లీ ఎన్నికల్లో చదువుకున్నోళ్లు ఎక్కువుండే హైదరాబాద్ జిల్లాలో సగం కూడా దాటలేదు.

అపోహ: ఏ కులపోళ్లు ఆ కులానికే.

వాస్తవం: 1952 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి దేశంలోనే ఎక్కువ ఓట్లతో, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి భూస్వాముల ఇంట్లో పుట్టినాయన. ఆయన వెనక నడిచింది భూస్వాములతో కొట్లాడిన రైతులు, కూలీలు. జనాన్ని కదిలించేది కులం ఒక్కటే కాదు కూడా: 1996లో ఇదే నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని వందల మంది నామినేషన్లు వేశారు, 480 మంది బరిలో మిగిలారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది.

ఇంకోటి, నేరుగా అడిగితే జనం నిజం చెప్తారనుకోవడం. అందుకే మేం డమ్మీ బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తు పెట్టి మడిచి డబ్బాలో వేయమంటాం. దేవరకొండ దిక్కు ఒక అవ్వ అది కూడా వెనక్కిచ్చేసింది. "ఎటేసిన్నో నా కొడుక్కే చెప్పలే బిడ్డా, నీకెట్ల చెప్త" అంది. మా ఫారంలో ఆమెను 'జవాబు లేదు' కింద రాసుకున్నాను.