రాత్రి రెండింటికి రోలు చప్పుడు

గుంటూరు బ్రాడీపేటలో మా తమ్ముడి ఇంట్లో పడుకున్న రోజు, రాత్రి రెండింటికి ఒక చప్పుడుకి మెలకువ వచ్చింది. చిన్న రోట్లో ఇసుక పోసి ఎవరో పొత్రం తిప్పుతున్నట్టు గరగర. లైటు వేసి చూస్తే ఆ చప్పుడు రెండున్నరేళ్ల మా మేనకోడలి నోట్లోంచి వస్తోంది. పిల్ల మాత్రం హాయిగా నిద్రపోతోంది. కాసేపు నూరి, ఒక గుటక మింగి, పక్కకి ఒత్తిగిల్లింది. ఆ తర్వాత నిద్ర పట్టనిది నాకే.

పొద్దున కాఫీ దగ్గర అమ్మ తేల్చి చెప్పేసింది. "కడుపులో నులిపురుగులే. మీ చిన్నప్పుడు వేపచిగురు ఉండ చేసి మింగించేదాన్ని." మా మరదలికి వేరే టెన్షన్. దవడ పళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, రోజూ ఇలా నూరితే అవి అరిగిపోవూ?

తెలుగులో ఒకరి మీద పళ్లు నూరడమంటే కోపం. నిద్రలో నూరే పిల్లకి ఎవరి మీదా కోపం లేదు, పొద్దున లేస్తే ఆ సంగతే గుర్తుండదు. వైద్యులు దీన్ని బ్రక్సిజమ్ అంటారు, గ్రీకు మాట. పిల్లల్లో ఇది ఎంతమందికి ఉంటుందో లెక్కతీసిన పరిశోధనలు 3.5 శాతం నుంచి 40 శాతం దాకా చెప్పాయి. అంత తేడా ఎందుకంటే, చాలా సర్వేల్లో అడిగేది తల్లిదండ్రులనే. పిల్లని వేరే గదిలో పడుకోబెట్టేవాళ్లకి వినపడదు. మన ఇళ్లలో పిల్లలు అమ్మానాన్నల మధ్యే పడుకుంటారు కాబట్టి ఏదీ దాగదు.

చెవి తమ్మె కింద, దవడ మూల మీద వేళ్లు ఆనించి పళ్లు బిగించి చూడండి. ఒక కండ గట్టిగా ఉబుకుతుంది. చెరుకు నమిలేది, జంతిక కొరికేది దాంతోనే. రాత్రి ఆ చప్పుడు చేయించేదీ అదే. దాన్ని నిద్రలో కదిలిస్తున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న.

నిద్ర ఒకే లోతులో సాగదు. ఈతగాడు నీళ్లలో మునిగి, ఊపిరికి పైకి తేలి, మళ్లీ మునిగినట్టు ఉంటుంది. ఈ వయసు పిల్లల్లో ఒక్కో మునక సుమారు గంట. మధ్యమధ్యలో మెదడు కొన్ని సెకన్ల పాటు మెలకువ అంచు దాకా వచ్చి వెనక్కి పోతుంది. పళ్లు నూరడం ఎక్కువగా ఈ అంచు దగ్గర, పైపై నిద్రలోనే జరుగుతుంది.

కెనడాలోని మాంట్రియల్‌లో జిల్ లవీన్ బృందం పెద్దవాళ్లని ల్యాబులో పడుకోబెట్టి, మెదడుకీ గుండెకీ దవడకీ తీగలు తగిలించి ఈ వరసంతా పట్టుకుంది. చప్పుడుకి కొన్ని నిమిషాల ముందే శరీరాన్ని హుషారు చేసే నాడీ వ్యవస్థ కదులుతుంది. సుమారు నాలుగు సెకన్ల ముందు మెదడు తరంగాలు వేగమవుతాయి. ఆ వెంటనే గుండె జోరందుకుంటుంది. తర్వాత నోరు తెరిచే కండరాలు, ఆ తర్వాత నమిలే కండ. పళ్లు అన్నిటికన్నా ఆఖరున వస్తాయి. ఇంకో విచిత్రం, పళ్లు నూరని ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి అరవై మంది నిద్రలో ఖాళీ నోటితో దవడ ఆడిస్తారట, చప్పుడు లేకుండా. చివర్లో వచ్చే గుటకని బట్టి, నిద్రలో ఆరిపోయే నోటిని తడుపుకోవడానికే ఈ కదలిక అని కొందరి ఊహ. మా పిల్ల మింగిన గుటక అప్పుడు గుర్తొచ్చింది.

అందుకే, వేరే జబ్బేమీ లేని మనిషి నిద్రలో పళ్లు నూరితే దాన్ని రోగంగా లెక్కపెట్టక్కర్లేదని 2018లో అంతర్జాతీయ నిపుణులు ఒక మాట మీదికి వచ్చారు.

ఇక పళ్ల సంగతి. పంటి పైపొర ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలతలో దానికి 5 వస్తుంది. మన ఇళ్లలో పరిచే మాచర్ల నాపరాయికి సుమారు 3. కానీ పంటిని నూరేది ఇంకో పన్నే, ఆ పొర పాలపళ్లలో పలచన కూడా, కాబట్టి కొంత అరుగుతుంది. ఎలాగూ ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు ఆ పళ్లు ఊడి కొత్తవి వస్తాయి. నొప్పి ఉంటేనో, పన్ను విరిగితేనో, చల్లనివి తాగినప్పుడు జివ్వుమంటేనో చూపించాలి. పెద్దవాళ్లకి రాత్రి పెట్టే ప్లాస్టిక్ తొడుగు ఈ వయసు వాళ్లకి సాధారణంగా పెట్టరు, దవడ ఇంకా పెరుగుతోంది కదా.

అమ్మ చెప్పిన నులిపురుగుల మాట పూర్తిగా కొట్టేయలేం. కొన్ని రకాల ఆడ పురుగులు రాత్రిపూటే బయటికొచ్చి మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి. ఆ దురదకి నిద్ర చెడుతుంది, చెడిన నిద్రలో పళ్లు నూరడం కుదిరే పనే. అయితే పురుగులకీ పళ్ల చప్పుడుకీ లంకె ఉందో లేదో వెతికిన పరిశోధనలు తలో మాటా చెప్పాయి. చప్పుడు విన్నంత మాత్రాన పురుగులున్నట్టు కాదు. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరుతో, ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో ఏడాది దాటిన పిల్లలకి ఆల్బెండజోల్ ఇస్తున్నారు. అది రక్తహీనత రాకుండా, ఎదుగుదల తగ్గకుండా ఇచ్చే మాత్ర. పళ్లు నూరడానికి మందు కాదు.

కొత్తపేటలో పిల్లల డాక్టర్ దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన పళ్లు చూసింది అర నిమిషం. అడిగినవన్నీ వేరే ప్రశ్నలు. నోరు తెరుచుకుని పడుకుంటుందా? గురక పెడుతుందా? మెడ వెనక్కి విరిచి పడుకుంటుందా? మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా? ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? ఆ చివరి ప్రశ్నకి మా తమ్ముడు చెప్పుల వైపు చూశాడు.

ఆయన అడిగినదాంట్లో లాజిక్ ఉంది. ముక్కు వెనక, కొండనాలుకకి పైన అడినాయిడ్స్ అనే మెత్తటి కణజాలం ఉంటుంది. చిన్నపిల్లల్లో అది పెద్దగా ఉండి, వయసుతో కుంచించుకుపోతుంది. అది గాని, టాన్సిల్స్ గాని ఉబ్బి గాలి దారి ఇరుకైతే, ఊపిరి కోసం మెదడు మాటిమాటికీ మెలకువ అంచుకి రావాలి. వచ్చినప్పుడల్లా దవడ కదలొచ్చు. ఆపరేషన్ చేసి వాటిని తీసేశాక చాలామంది పిల్లల్లో పళ్లు నూరడం కూడా తగ్గినట్టు పరిశోధనల్లో కనిపించింది. ఆపరేషన్ చేసింది గొంతుకి, తగ్గింది పళ్ల చప్పుడు.

మా పిల్లకి అంతదాకా రాలేదు. జలుబుతో ముక్కు దిబ్బడేసింది, గురక కొంచెమే. ఉప్పునీటి చుక్కలు రాసిచ్చి, పడుకునే ముందు ఫోన్ ఇవ్వొద్దని, నూరుతున్నప్పుడు తట్టి లేపొద్దని, నెల తర్వాత తీసుకురమ్మని చెప్పారు.

మొన్న మళ్లీ వెళ్లాను. రాత్రి గరగర వినపడగానే అమ్మ లేచింది. దవడ పట్టుకుని ఆపుతుందేమో అనుకున్నాను. వంగి, పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టి కాసేపు విని, "ఊపిరి బానే ఆడుతోంది, పడుకో" అని నాకు చెప్పి తను పడుకుంది.